మామ్మగారికి ఏ పాట వచ్చు?

మతిమరుపు జబ్బుకు సంగీతం పనిచేస్తుందా అంటే డాక్టరు ఒకటి చెబుతారు, నర్సు ఒకటి చెబుతారు, ఫిజియో ఇంకొకటి చెబుతారు. కోనసీమ ఇళ్లలో ఈ రోగుల్ని రోజూ చూసుకునే కోడల్నీ, ఆయానీ మాత్రం ఎవరూ అడగరు.

"నన్ను మా ఇంటికి పంపించెయ్యండే."

పొద్దు వాలేసరికి ఈ మాట మొదలవుతుంది. యాభై ఏళ్లు కాపురం చేసిన ఇంట్లోనే ఉండి, తన చేత్తో పాతించిన కొబ్బరిచెట్ల నీడలోనే కూర్చుని, మామ్మగారు రెండు చీరలు మూట కట్టుకుని వీధి గుమ్మం వైపు బయల్దేరతారు. ఇదే మీ ఇల్లండీ అంటే వినరు. కోడల్ని చూసి "నువ్వెవరి పిల్లవమ్మా?" అంటారు. చెయ్యి పట్టుకుంటే విదిలించి కొడతారు. అమలాపురంలో మేడ ఇల్లయినా, రాజోలు వైపు లంక ఊరయినా, కొత్తపేట పక్క పల్లెయినా, డిమెన్షియా ఉన్న ఇంట్లో సాయంత్రాలు చాలావరకు ఇలాగే గడుస్తాయి. దానికి మనవాళ్లు పెట్టుకున్న పేర్లు వేరు. చాదస్తం అంటారు, పెద్దతనం అంటారు, మళ్లీ చిన్నపిల్లయిపోయింది అంటారు. ఇదొక జబ్బని ఎవరో చెప్పేసరికి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి.

అలాంటి వేళ ఒక పాట పెట్టండి, నెమ్మదిస్తారు అని ఈమధ్య అందరూ చెబుతున్నారు. ఫోన్లలో తిరిగే వీడియోలూ అవే. అయితే ఆ నెమ్మదించడం ఎంతసేపు ఉంటుంది, దాన్ని ఎవరు చూసి లెక్క కట్టారు, అది వైద్యమా కాలక్షేపమా అని అడిగితే వృత్తికో జవాబు వస్తుంది. ఆ జవాబులన్నీ చదివాక నాకు తోచింది ఒకటే. ఎవరి కొలత వాళ్లకు సరైనదే గానీ, ఆ కొలతలన్నిటికీ ముందు తెలియాల్సిన సంగతొకటి ఉంది, అది వీళ్లలో ఎవరి దగ్గరా ఉండదు.

ముందు కొన్ని లెక్కలు. 2023లో వెలువడిన లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని తేల్చింది. అంటే దాదాపు 88 లక్షల మంది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువ, పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ. ఈ రెండు ఎక్కువలూ కలిసే చోటు కోనసీమ పల్లెల్లో వీధికొకటి కనిపిస్తుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిన ఇంట్లో మామ్మగారు ఒక్కరే ఉంటారు. పేద ఇల్లయితే కూతురు కువైట్‌లో ఎవరింట్లోనో పనికి కుదిరి ఉంటుంది.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా వేరుపడింది. అమలాపురం జిల్లా కేంద్రమైంది. అంతకుముందు నుంచే అక్కడ వైద్య కళాశాల ఉంది. అయినా నరాల డాక్టరు అనగానే మనవాళ్ల కాళ్లు ఇప్పటికీ కాకినాడ వైపో రాజమహేంద్రవరం వైపో లాగుతాయి. ఊళ్లో మొదట చెయ్యి పట్టుకు చూసేది ఆర్‌ఎంపీ, ఆ తర్వాత ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త. సంగీత చికిత్సకులు అనే వాళ్లు ఈ దారిలో ఎక్కడా ఎదురు కారు. పెద్ద ఊళ్ల ఆసుపత్రుల్లో అయిదారు వృత్తులవాళ్లు పంచుకునే పని ఇక్కడ ఇంట్లో ఒక్క మనిషి నెత్తిన పడుతుంది. కింద వచ్చే అభిప్రాయ భేదాలన్నీ ఆ ఒక్క మనిషికి ఎంతవరకు పనికొస్తాయో చూసుకుంటూ చదవాలి.

డాక్టరుగారి మొదటి ప్రశ్న

డాక్టర్లు సంగీతానికి శత్రువులేమీ కారు. కానీ వాళ్ల మొదటి ప్రశ్న పాట గురించి ఉండదు. మూత్ర పరీక్ష చేయించారా అంటారు. అది వెటకారం కాదు. మొన్నటిదాకా ఒకలా ఉన్న మనిషి రెండు రోజుల్లో పూర్తిగా మారిపోయి, లేనివాళ్లు కనిపిస్తున్నారని అంటుంటే, అది మతిమరుపు ముదరడం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, చెప్పుకోలేని నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా అలా చేయగలదు. థైరాయిడ్ తేడా, బి12 లోపం కూడా మతిమరుపులా కనిపిస్తాయి. ఇవి చూడకుండా పాట పెట్టి కూర్చుంటే వైద్యం అందాల్సిన రోజులు వృథా అవుతాయి.

చెవి సంగతీ అంతే. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియా ముప్పును పెంచే 14 కారణాలను చెప్పింది, వాటిలో వినికిడి లోపం ఒకటి. మామ్మగారికి చెవి సరిగా వినిపించకపోతే మనం ఎంపిక చేసి పెట్టిన పాట ఆవిడకు గరగర మాత్రమే. చెవిలో గుబిలి తీయించి, వినికిడి పరీక్ష చేయించడం సంగీత చికిత్సలో మొదటి మెట్టు అని చెవుల పరీక్షలు చేసే ఆడియాలజిస్టులు అంటే ఎవరూ కాదనలేరు. మనవాళ్లు చేసేది దానికి తలకిందులు. వాల్యూమ్ పెంచేస్తారు.

ఇక డాక్టర్ల రెండో ప్రశ్న రుజువు గురించి. వైద్య పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2025లో ఈ విషయం మీద తన సమీక్షను తాజా చేసింది. 15 దేశాల్లో జరిగిన 30 అధ్యయనాలు, వాటిలో 1,720 మంది రోగులు. కనీసం అయిదుసార్లు సంగీత చికిత్స పొందినవారిలో దిగులు కొంత తగ్గవచ్చని, ప్రవర్తనలోని ఇబ్బందులు కూడా మొత్తంగా కొంత మెరుగుపడవచ్చని ఆ సమీక్ష తేల్చింది. జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందని అనలేదు. చికిత్స ఆపాక ఆ మేలు నిలుస్తుందో లేదో కూడా తేలలేదు. ఫోన్ వీడియోల్లో "పాట విని అన్నీ గుర్తు తెచ్చుకున్న తాతయ్య" కథలకూ ఈ ఫలితానికీ మధ్య ఉన్న దూరం అది. దిగులు తగ్గడం చిన్న సంగతా అని నన్నడిగితే, ఆ ఇంట్లో ఒక వారం ఉండి చూడమంటాను.

డాక్టర్లకు ఈ విషయం మీద ఆసక్తి పెరగడానికి ఇంకో కారణం కూడా ఉంది. గొడవ చేసే రోగికి మానసిక జబ్బుల మాత్రలు రాయడం ఒకప్పుడు మామూలు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఆ మాత్రలు మరణం ముప్పును పెంచుతున్నాయని 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక చేసింది. అప్పటినుంచీ మాత్ర లేకుండా ఏం చేయగలం అన్న వెతుకులాట మొదలైంది. మన దగ్గర ఆ హెచ్చరిక ఊరి మందుల కొట్టుదాకా చేరలేదు. "రాత్రి పడుకునేలా ఏదైనా ఇవ్వండి" అని అడిగితే ఏదో ఒకటి దొరుకుతూనే ఉంది.

ఇక్కడ ఒక పరిశోధన గురించి చెప్పుకోవాలి. 2015లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో శాస్త్రవేత్తలు మెదడులో పాత పాటల జ్ఞాపకం ఉండే చోటును స్కానింగుల్లో గుర్తించారు. అల్జీమర్స్ రోగుల్లో మెదడు తక్కిన భాగాలు కుంచించుకుపోతున్నా, ఆ చోటు చాలావరకు నిలబడి ఉందని కనుక్కున్నారు. జబ్బుకు గుర్తయిన అమిలాయిడ్ అక్కడా పేరుకునే ఉంది, కానీ కణాలు ఇంకా పడిపోలేదు. కొడుకు పేరు మరిచిపోయిన మనిషి పాట రెండో చరణం తప్పులేకుండా ఎలా అందుకుంటుందో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది. పూర్తిగా కాదు.

స్నానాల గది దగ్గర

డాక్టరు దిగులును స్కోరుతో కొలుస్తారు. నర్సుకు అంత తీరిక ఉండదు. స్నానం అయిందా, అన్నం తిన్నారా, బట్ట మార్చనిచ్చారా, ఎవరినీ కొట్టకుండా పూట గడిచిందా, ఇవీ నర్సు లెక్కలు. అందుకేనేమో ఈ రంగంలో పనికొచ్చే సంగతులు ఎక్కువగా నర్సులే కనిపెట్టారు.

అమెరికాలో లిండా గెర్డ్‌నర్ అనే నర్సు పరిశోధకురాలు 1990ల నుంచి ఈ పని మీదే ఉన్నారు. ఆవిడ చెప్పిన మొదటి సూత్రం వేళకు సంబంధించింది. రోగి రోజూ ఏ వేళకు అలజడి పడతారో కొన్నాళ్లు రాసి పెట్టుకుని, దానికి అరగంట ముందే పాట మొదలుపెట్టాలి. గొడవ రాజుకున్నాక పెడితే పాట కూడా గొడవలో భాగమైపోతుంది. మామ్మగారు అయిదున్నరకు మూట కడుతుంటే పాట అయిదుకే వినిపించాలి. దీనికి ఖర్చు లేదు, యంత్రం లేదు, గోడ గడియారం చాలు.

రెండోది ఇంకా ముఖ్యం. 2000లో ఆవిడ 39 మంది రోగుల మీద ఒక పోలిక చేశారు. కొన్ని వారాలు ఎవరికి ఇష్టమైన పాటలు వాళ్లకు, కొన్ని వారాలు అందరికీ ఒకే రకం ప్రశాంతమైన శాస్త్రీయ సంగీతం వినిపించారు. ఇష్టమైన పాట విన్నప్పుడు ఆందోళన ఎక్కువ తగ్గింది. "ప్రశాంతమైన సంగీతం" అని సీసా మీద రాసి ఉన్నంత మాత్రాన ప్రశాంతత రాదన్నమాట. ఈ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

స్వీడన్‌లో ఎవా గోటెల్ అనే మరో నర్సు పరిశోధకురాలు పొద్దుటి స్నానాల వేళను గమనించారు. మామూలుగా పని చేయించడం, వెనక పాట మోగుతుండగా చేయించడం, సిబ్బందే పాడుతూ చేయించడం, ఈ మూడింటినీ పోల్చారు. సిబ్బంది పాడుతున్నప్పుడు "చెయ్యెత్తండి, ఇటు తిరగండి, కాలు పెట్టండి" అనే ఆజ్ఞలు తగ్గిపోయాయి. అయినా రోగులకు ఏం చేయాలో ఎక్కువగా తెలిసింది, ఎదురు తిరగడం తగ్గింది. పాడేవాళ్ల గొంతు బాగుండాలన్న నియమమేమీ లేదు. పసిపిల్లకు నలుగు పెడుతూ పాడటం మన ఆడవాళ్లకు తెలియంది కాదు. పెద్దవాళ్లకు స్నానం చేయించేటప్పుడు మాత్రం ఆ గొంతు మూగబోతుంది, తొందర పెరుగుతుంది. ఆ తొందరలో పడిన ఆదేశాలే ముసలావిడను భయపెడతాయి.

ఫిజియోథెరపిస్టులకు పాటలో మాట అక్కర్లేదు, తాళం చాలు. దరువుకు అడుగు వేయించడం పక్షవాతం, పార్కిన్సన్స్ రోగుల్లో నడకను మెరుగుపరుస్తుందని మైఖేల్ థౌట్ బృందం 1990ల నుంచి చూపిస్తూ వచ్చింది. డిమెన్షియాలో ఆ రుజువు అంత గట్టిది కాదు. మాట పడిపోయినవాళ్లను పాట ద్వారా మాట్లాడించే పద్ధతి 1973 నుంచీ ఉంది. స్పీచ్ థెరపిస్టుల ఆసక్తి అటువైపు. ఈ రెండు వృత్తులవాళ్లూ అమలాపురంలాంటి పట్టణంలో దొరికినా, డిమెన్షియా రోగిని వాళ్ల దగ్గరికి తీసుకువెళ్లాలన్న ఆలోచన ఇంట్లోవాళ్లకు రావడం అరుదు. "నడవగలుగుతున్నారుగా" అనేస్తారు.

ఏ జబ్బుకు ఏ రాగం?

ఇక సంగీతం మనుషులు. వీళ్లలో వీళ్లకే పడదు.

శిక్షణ పొందిన సంగీత చికిత్సకులకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట, "ఫోన్లో పాట పెట్టాం, మ్యూజిక్ థెరపీ చేశాం" అనడం. వాళ్ల దృష్టిలో చికిత్స అంటే ముందు రోగిని పరీక్షించి ఒక లక్ష్యం పెట్టుకోవాలి. మనిషి ఎదురుగా కూర్చుని పాడాలి లేదా వాయించాలి. అవతలి మనిషి ఊపిరి వేగాన్నీ, వేళ్ల కదలికనీ చూసి ఆ క్షణంలోనే లయ మార్చుకోవాలి. కంగారుగా ఉన్న మనిషికి మొదటే నెమ్మదైన పాట వినిపిస్తే అంటదు, ఆ కంగారు వేగంలోనే మొదలుపెట్టి మెల్లగా దింపుకు రావాలి అంటారు. మన దేశంలో ఈ విద్యను వైద్య విద్య పక్కన పెట్టి నేర్పుతున్న చోట్లలో పుదుచ్చేరిలోని శ్రీ బాలాజీ విద్యాపీఠ్ ఒకటి. బెంగళూరు నిమ్హాన్స్‌లో సంగీతానికీ మెదడుకూ ఉన్న సంబంధం మీద శాంతల హెగ్డే ఆధ్వర్యంలో ప్రత్యేక ప్రయోగశాల నడుస్తోంది.

తెలుగు ఇళ్లలో మాత్రం సంగీత చికిత్స అనగానే గుర్తొచ్చేది వేరే. రక్తపోటుకు ఫలానా రాగం, నిద్రకు ఫలానా రాగం, మతిమరుపుకు ఫలానా రాగం అంటూ చేతులు మారే పట్టికలు. రాజోలు సీమ శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ కూడా సంగీతానికున్న చికిత్సా గుణం మీద మక్కువ చూపినవారే. అంతటి విద్వాంసుడు మన మట్టిలోంచి వచ్చాడు కాబట్టి ఈ నమ్మకానికి కోనసీమలో బలం ఎక్కువే. ఆయన మీద ఉన్న గౌరవంతోనే ఈ మాట రాస్తున్నాను. ఒక జబ్బుకు ఒక రాగం అన్న పట్టికను నిలబెట్టే గట్టి రుజువు డిమెన్షియాలో లేదు. రుజువు ఉన్నది గెర్డ్‌నర్ చెప్పిన వైపు, అంటే మనిషికీ పాటకూ ఉన్న పాత స్నేహం వైపు. జీవితమంతా కచేరీలు విన్న మాస్టారికి బాలమురళి ఆలాపన ఔషధమే కావచ్చు. గడప దాటి కచేరీ వినని ఆవిడకు అదే ఆలాపన ఎవరో పరాయివాళ్లు ఇంట్లోకి వచ్చి మాట్లాడుతున్నట్టు తోచవచ్చు.

సంగీత చికిత్సకులకు ఎదురుదెబ్బలాంటి ఫలితమూ ఒకటుంది. ఆస్ట్రేలియాలో 20 సంరక్షణ విభాగాల్లో 318 మంది మీద జరిగిన మిడెల్ అనే ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. ఒక పక్క శిక్షితులు చేయించిన బృంద సంగీత చికిత్స, ఇంకో పక్క సరదాగా అందరూ కలిసి పాడే బృందగానం. దిగులును తగ్గించింది రెండోది. చికిత్స కాదు, కలిసి పాడటం. ఒక్క ప్రయోగంతో ఒక వృత్తిని కొట్టిపారేయడం తప్పు. కానీ ధనుర్మాసంలో నగర సంకీర్తన తిరిగే భజన మండలి ఉన్న ఊళ్లో, ఆదివారం అందరూ గొంతు కలిపే చర్చి ఉన్న పేటలో, ఈ ఫలితాన్ని ప్రత్యేకంగా చదవాలి. జబ్బు రాగానే మనం మొదట మాన్పించేది ఆ భజననూ, ఆ చర్చినే. "అక్కడ ఏదైనా అనేస్తుందేమో, నలుగురిలో పరువు పోతుంది" అంటాం. పదిమందితో కలిసి పాడే అవకాశం తీసేసి, గదిలో ఒక్కర్నే కూర్చోబెట్టి, చెవి దగ్గర ఫోన్ పెట్టి దాన్ని చికిత్స అంటున్నాం.

సోషల్ వర్కర్ల పాత్ర మనకు తక్కువ తెలుసు. ఎవరి పాట వాళ్లకు వినిపించాలన్న ఆలోచనను ప్రపంచానికి పరిచయం చేసింది డాక్టరూ కాదు, సంగీతజ్ఞుడూ కాదు, న్యూయార్క్‌కు చెందిన డాన్ కోహెన్ అనే సోషల్ వర్కర్. ముసలివాళ్ల ఆశ్రమాలకు చిన్న పాటల పెట్టెలు తీసుకువెళ్లి, ఒక్కొక్కరి పాటలు వెతికి ఎక్కించడం ఆయన మొదలుపెట్టిన పని. 2014లో వచ్చిన 'అలైవ్ ఇన్‌సైడ్' అనే డాక్యుమెంటరీతో అది ఊరూరా తెలిసింది. అదే పద్ధతిని అమెరికాలో 54 నర్సింగ్ హోముల్లో పెద్ద ఎత్తున పరీక్షించి చూస్తే, సిబ్బంది చెప్పిన లెక్కల ప్రకారం ఆందోళన చెప్పుకోదగ్గంత తగ్గలేదు. డాక్టర్లు దీన్ని చూపించి, చూశారా అంటారు. నా అనుమానం వేరు. ఒకరి పాటేదో కనుక్కోవడానికి ఆ మనిషిని ఎరిగినవాళ్లు కావాలి. వందమంది ఉన్న చోట షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లకు ఆ ఎరుక ఎక్కడినుంచి వస్తుంది?

గీత మోగితే ఎవరు పోయినట్టు?

ఇక్కడికి వచ్చాక ఏ పరిశోధన పత్రమూ పనికిరాదు, కోనసీమ తెలియాలి.

మనిషికి గట్టిగా అతుక్కునే పాటలు పది నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య విన్నవని మనస్తత్వ శాస్త్రవేత్తలు అంటారు. ఇప్పుడు ఎనభై ఏళ్లున్న మామ్మగారికి ఆ వయసు 1955కీ 1975కీ మధ్య గడిచింది. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ రేడియో, పొద్దున్నే భక్తిరంజని, సాయంత్రం సినిమా పాటలు, టూరింగ్ టాకీసు, సంక్రాంతికి పద్య నాటకం. అంతవరకు అందరికీ ఒక్కటే అనిపిస్తుంది. కానీ రేడియో ఏ ఇంట్లో ఉండేది? పెద్ద రైతు ఇంట్లో, కరణంగారి ఇంట్లో, పంచాయతీ ఆఫీసులో. మామ్మగారు ఆ ఇంట్లో పుట్టారా, ఆ ఇంటి పొలంలో నాట్లు వేశారా అన్నదాన్ని బట్టి పాట మారిపోతుంది. అగ్రహారం ఆవిడకు మంగళహారతులూ, అధ్యాత్మ రామాయణ కీర్తనలూ. పేటలోని ఆవిడకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివాళ్లు కర్ణాటక రాగాల్లో కట్టిన పాటలు వాటిలో ఉన్నాయి కాబట్టి, చెవికి రెండు ఇళ్ల పాటలూ అంత దూరం కావు. మనసుకు మాత్రం దూరమే. మగవాళ్లలో ఒకరికి కురుక్షేత్రం పద్యాలు, ఇంకొకరికి డప్పు, మరొకరికి ప్రభల తీర్థంలో గరగల మోత. జగ్గన్నతోటకు కనుమనాడు ప్రభను భుజాన మోసిన మనిషికి ఆ మోత వినబడితే భుజం కదులుతుందా లేదా అన్నది ఏ ఫిజియో అయినా చూసి తీరాల్సిన సంగతి.

పాట చెడు కూడా చేస్తుంది. ఘంటసాల భగవద్గీతనే తీసుకోండి. అంత గొప్ప గొంతు, అంత శాంతం. పెద్దవాళ్లకు ఇంతకన్నా మంచిది ఏముంటుందని కొడుకులు పొద్దున్నే పెడతారు. కానీ మన ఊళ్లలో ఆ గీత మైకులో మోగిందంటే ఎవరో పోయారని అర్థం. పాడె కట్టే ఇంటి ముందు మోగేది అదే. మతి సరిగా ఉన్నవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. మామ్మగారికి తెలియదు. "ఎవరు పోయారర్రా? నాకు చెప్పకుండా దాస్తున్నారా?" అని గుండెలు బాదుకోవడం మొదలుపెడితే ఆ తప్పు జబ్బుది కాదు. క్రైస్తవుల ఇళ్లలో సమాధి కార్యక్రమంలో పాడే పాటలదీ, హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను పద్యాలదీ ఇదే ఇబ్బంది. సంగీత చికిత్సకుల భాషలో దీన్ని ముందుజాగ్రత్త అంటారు. ఆ జాగ్రత్త పుదుచ్చేరి నుంచి వచ్చే నిపుణులకు ఎవరో చెప్తే గానీ తెలియదు. ఆ ఎవరో మన వీధిలోనే ఉంటారు.

హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించిన పని ఇక్కడ గుర్తుకొస్తుంది. 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూస్తే, రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు లక్షణాలు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా కనిపించాయి. బడి మొహం చూడనివారిలోనూ ఆ తేడా ఉంది. అది పాట గురించి కాదు, ఒప్పుకుంటాను. కానీ మన వృద్ధుల మెదడు చదువుతోనే కాదు, వీధిలోనూ పనిలోనూ నేర్చుకున్నదానితో కూడా పెరిగిందని ఆ పరిశోధన చెప్పింది. మన దగ్గర రోగి చరిత్ర రాసేవాళ్లు "చదువు: లేదు" అని రాసి ముందుకు పోతారు. ఆ చదువులేని మనిషికి నోటికి వచ్చిన పాటలు ఎన్నో అడగరు.

అడగని మనిషి

ఆయా సంగతికి వద్దాం. ఏజెన్సీ పంపిన హోమ్ నర్సు కావచ్చు, పక్క పేట నుంచి పూటకు వచ్చే మనిషి కావచ్చు. కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన ఆడవాళ్లలో చాలామంది అక్కడ ఇళ్లలో పనితోపాటు ముసలివాళ్లనూ చూసుకున్నవాళ్లే. భాష రాని ఇంట్లో, మతి తప్పిన అరబ్బు ముసలావిడను సముదాయించడం నేర్చుకుని తిరిగొచ్చిన మనిషి దగ్గర ఉన్న అనుభవం చిన్నది కాదు. ఆ అనుభవానికి సర్టిఫికెట్ లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాట్లాడేది కొడుకు, ఆయా బయట బల్ల మీద కూర్చుంటుంది. ఏ వేళకు గొడవ మొదలవుతుందో, ఏ మాట అంటే తగ్గుతుందో, ఏ పాటకు పెదవి కదిలిందో తెలిసిన మనిషి ఆవిడే.

ఇంట్లోవాళ్లే చికిత్స చేస్తే ఫలితం ఎలా ఉంటుందన్నదానికీ రెండు జవాబులున్నాయి. ఫిన్లాండ్‌లో టెప్పో సార్కామో బృందం 89 మంది రోగులనూ, వాళ్లను చూసుకునేవాళ్లనూ తీసుకుని కొందరికి పాడటం, కొందరికి పాటలు వినిపించడం 10 వారాలు నేర్పింది. మామూలు సంరక్షణతో పోలిస్తే రోగుల మానసిక స్థితిలోనూ కొన్ని జ్ఞాపకాల పరీక్షల్లోనూ మెరుగు కనిపించిందని 2014లో ప్రకటించారు. ఆ తర్వాత 2023లో, అయిదు దేశాల్లో 432 జంటల మీద జరిగిన హోమ్‌సైడ్ అనే పెద్ద ప్రయోగంలో మూడు నెలల తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండూ నిజాయితీగా చేసిన పనులే. కాబట్టి ఇంట్లో పాడండి, జబ్బు తగ్గుతుంది అని ఈ పత్రికలో రాయడం మోసం అవుతుంది. ఇంట్లో పాడండి, ఆ పూట స్నానం అవ్వచ్చు అని రాయవచ్చు. రోజుకు మూడు పూటలు గడవాల్సిన ఇంటికి ఆ రెండో వాక్యం చాలా విలువైంది.

ఆసుపత్రులు చేయగల పని ఒకటుంది, దానికి కొత్త పోస్టులు అక్కర్లేదు. అరవై దాటిన రోగి కేస్ షీట్లో బీపీ, షుగరు, అలర్జీ రాసే చోట ఇంకో గడి. ఏ పాటలు వచ్చు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పాట వినిపించకూడదు, ఏ వేళకు కంగారు పడతారు. నింపాల్సింది డాక్టరు కాదు. ఏఎన్‌ఎం గానీ ఆశా కార్యకర్త గానీ ఇంటికి వెళ్లినప్పుడు, వీలైతే జబ్బు మొదటి దశలోనే, మామ్మగారు తన నోటితో చెప్పగలిగినప్పుడే రాసుకోవాలి. ఆలస్యమైతే కొడుకు చెబుతాడు. కొడుకులకు అమ్మ పాటలు తెలియవు, సినిమా పేర్లు చెప్తారు. అప్పచెల్లెళ్లను అడగాలి, పుట్టింటివాళ్లను అడగాలి, ఆవిడతో కలిసి పొలానికి వెళ్లినవాళ్లను అడగాలి. ఈలోగా దారి తెలియని కుటుంబాలకు రెండు ఉచిత ఫోన్ నంబర్లున్నాయి. వృద్ధుల కోసం 14567, మానసిక ఆరోగ్యం కోసం 14416.

ఆ గడి నింపాక ఇంకో చిక్కు వస్తుంది. ఘంటసాల, సుశీల పాటలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. క్రైస్తవ కీర్తనలూ దొరుకుతాయి. ఇరవై మంది వరసగా వంగి నాటేటప్పుడు ఒకరు అందిస్తే తక్కినవాళ్లు అందుకునే నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, గోదావరి పాయల్లో పడవవాళ్ల పదాలు, ఆ ఊరి వరసలో, ఆ ఊరి మాటల్లో ఎక్కడా దొరకవు. కూలి మనిషి మతిమరుపుకు కావాల్సిన మందు కొట్టులోనే లేదన్నమాట. నాటు యంత్రాలూ వెదజల్లే సాగూ వచ్చాక కొత్తవాళ్లు ఆ పాటలు నేర్చుకోవడమూ తగ్గింది. వాటిని పాడగలిగినవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు, వాళ్లలో కొందరు జబ్బు వైపు నడుస్తున్నవాళ్లు. జిల్లాలోని డిగ్రీ కాలేజీల తెలుగు విభాగాలు, ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు ఒక వేసవి సెలవుల్లో ఈ పని మొదలుపెట్టొచ్చు. ఫోన్ రికార్డరు సరిపోతుంది. పాడినవాళ్ల అనుమతి తీసుకుని, ఊరి పేరు, ఏ పనికి పాడేవారో, ఎవరు అందిస్తే ఎవరు అందుకునేవారో మొదట్లోనే నోటితో చెప్పించి రికార్డు చేయాలి. ఒక్కరితో పాడించకుండా, ఆ వరసలో వంగినవాళ్లు ఇంకా ఎందరు మిగిలితే అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి పాడించాలి.